"మనకెవరిస్తారులే" అనే మాట

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మాకిచ్చిన విషయం "ఉద్యోగంలో ఎదుగుదల". వినగానే మాకు నవ్వొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేసి ఒక్కటంటే ఒక్క మెట్టు ఎక్కిన మనిషిని పట్టుకుని ఎదుగుదల మీద మాట్లాడమంటారేమిటా అనుకున్నాము. తర్వాత ఆలోచిస్తే అదీ సబబే అనిపించింది. గోతిలో పడినవాడికి తెలిసినట్టు ఆ గొయ్యి ఎక్కడుందో ఇంకొకరికి తెలియదు. కాబట్టి పెద్ద పెద్ద మాటలు చెప్పబోవడం లేదు. మేము పడిన గొయ్యి చూపిస్తాము. చూసి నడవండి.

1979లో మేము కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాము. ఇరవై రెండేళ్ళ వయసు. పొద్దున్నే సామర్లకోట స్టేషనుకు పరుగు, సీజను టికెట్టు, చేతిలో టిఫిను డబ్బా, సాయంత్రం మళ్ళీ అదే రైల్లో ఇంటికి. మన ఊరు జంక్షను. మద్రాసు రైలు ఆగుతుంది, కలకత్తా రైలు ఆగుతుంది. దేశం రెండు కొసలకూ పోయే బళ్ళు మన కళ్ళ ముందే ఆగి కదులుతాయి. మేము మాత్రం ఎప్పుడూ ఆ పక్క ప్లాట్‌ఫారం మీద కాకినాడ బండి కోసమే నిలబడేవాళ్ళం. అప్పుడది విశేషంగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

ఆ రోజుల్లో సర్వీసు కమిషన్ వాళ్ళు ఏడాదికి రెండుసార్లు డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పెట్టేవారు. పై మెట్టు ఎక్కాలంటే అవి ప్యాసు కావాలి. ఆఫీసులో అందరూ ఫీజు కట్టి రాసేవారు. ఫెయిలయినవాళ్ళు మళ్ళీ కట్టేవారు. మేము కట్టలేదు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ఎనిమిదేళ్ళు. ఎవరైనా అడిగితే "మనం రాసినా మనకెవరిస్తారులే ప్రమోషను" అని చప్పరించేసేవాళ్ళం. ఆ మాట అనేసరికి అడిగినవాళ్ళు జాలిపడి ఊరుకునేవారు. మాకూ లోపల హాయిగా ఉండేది. తప్పు లోకానిది, మాది కాదు!

అసలు సంగతి ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు. మాకు పరీక్షంటే భయం. ఆ పరీక్షల్లో కొన్ని పేపర్లకు పుస్తకం దగ్గర పెట్టుకుని రాయనిస్తారు. పుస్తకం చూసి రాసే పరీక్షకు కూడా భయపడిన ఘనులం మేము. తప్పితే ఆఫీసులో నలుగురూ నవ్వుతారని భయం. రాయకపోతే తప్పామనే మాటే ఉండదు కదా. "మనకెవరిస్తారులే" అన్నది ఆ భయానికి మేము తొడిగిన చొక్కా.

మా పక్క సీటులో మా దగ్గరే పని నేర్చుకున్న ఒక కుర్రవాడుండేవాడు. ఫైలు ఎలా కట్టాలో, నోటు ఎలా రాయాలో మేమే చెప్పాము. రెండుసార్లు తప్పాడు. మూడోసారి ప్యాసయ్యాడు. తప్పినప్పుడల్లా మా దగ్గరకొచ్చి "సాయిబుగారూ, ఈసారీ పోయింది" అని నవ్వేవాడు. ఆ నవ్వు మాకు అర్థమయ్యేది కాదు. 2017లో మేము రిటైరైనప్పుడు మా పెన్షను కాయితాలు సూపరింటెండెంటు హోదాలో ఉన్న అతని టేబుల్ మీదుగానే వెళ్ళాయి. పాపం, ఎంతో మర్యాదగా లేచి నిలబడి కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం మాకు చాలా కష్టమైంది.

ఇంతకీ మేము అసలు రాయలేదా అంటే, చివరికి రాశాము. ఇంట్లో వాళ్ళ పోరు పడలేక రాశాము. మొదటిసారే ప్యాసయ్యాము! ఎనిమిదేళ్ళు భయపడింది ఒక్క పూటలో అయిపోయింది. సీనియర్ అసిస్టెంటు అయ్యాము. ఆ తర్వాత సూపరింటెండెంటు ప్రమోషను కూడా మా దాకా వచ్చింది. కాని పోస్టింగు అమలాపురం. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన అప్పటికింకా పడలేదు. ఆ దారిన పోతే పంటి మీద గోదావరి దాటాలి. పిల్లలు చిన్నవాళ్ళు, అమ్మీకి ఒంట్లో బాగుండదు, ఇల్లు వదిలి ఎలా అనుకున్నాము. "కుటుంబ కారణముల వలన" ప్రమోషను వద్దని మా చేత్తో మేమే కాయితం రాసిచ్చాము. రాసేటప్పుడు పెద్ద త్యాగం చేస్తున్నట్టు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాము. మరి అమలాపురం ఏమైనా అమెరికానా? శనివారం సాయంత్రం బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. కుటుంబ కారణాలు అబద్ధం కాదు. కాని అవే పూర్తి నిజమూ కాదు. కొత్త ఊళ్ళో కొత్త మనుషుల మధ్య కుర్చీ మార్చుకుని కూర్చోవడం మాకు ఇష్టం లేదు. అంతే.

ఇది మా ఒక్కరి కథే అయితే మీ సమయం వృథా చేయం. ఇది లెక్కల్లో కూడా కనబడే సంగతి.

కేంద్ర ప్రభుత్వం 2005లో జస్టిస్ రాజిందర్ సచార్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2006 నవంబరులో నివేదిక వచ్చింది. అందులో ఉన్న ఒక లెక్క మన సభల్లో తరచూ వినబడుతుంటుంది. 2001 జనాభా లెక్కల్లో మనం 13.4 శాతం, ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం. ఈ అంకెలు చెప్పి నిట్టూర్చి కూర్చుంటారు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. దాన్ని మాత్రం మైకు ముందు ఎవరూ చెప్పగా మేము వినలేదు. 2003, 2004 సంవత్సరాల్లో సివిల్ సర్వీసు రాతపరీక్షకు కూర్చున్నవాళ్ళలో మనవాళ్ళు 4.9 శాతమే. కూర్చున్నవాళ్ళలో నెగ్గినవాళ్ళ పాళ్ళు చూస్తే మిగతావాళ్ళకూ మనవాళ్ళకూ దాదాపు తేడా లేదట!

అంటే ఏమిటి? కూర్చున్నవాడు అందరిలాగే నెగ్గుతున్నాడు. కూర్చునేవాడే తక్కువ.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లేకపోతే మమ్మల్ని అపార్థం చేసుకుంటారు. వివక్ష లేదని మేము అనడం లేదు. పేరు చూసి అద్దె ఇల్లు ఇవ్వనివాళ్ళు, పేరు చూసి మాట మార్చినవాళ్ళు మాకూ ఎదురయ్యారు. పరీక్షకు కూర్చోనివాళ్ళలో భయంతో మానేసినవాళ్ళే కాదు, బడికి పోలేనివాళ్ళు, పదో తరగతిలోనే వెల్డింగు షాపుకో ఫ్రూట్ బండి దగ్గరకో పోవాల్సి వచ్చినవాళ్ళు ఎక్కువమంది. వాళ్ళను మనం ఒక్క మాట అనకూడదు. మేము మాట్లాడుతున్నది చదువుకున్నవాళ్ళ గురించి, పని వచ్చినవాళ్ళ గురించి. అవతలివాడు తలుపు వేసేస్తే పోట్లాడదాం, అర్జీ పెడదాం, కోర్టుకు పోదాం. కాని తలుపు తట్టకుండానే "వేసే ఉంటుందిలే" అని వెనక్కు తిరిగినవాడికి ఏ కోర్టు తీర్పిస్తుంది?

కలాం గారి పేరు చెప్పకుండా మన సభ ముగియదు. మేము ఆయన రాకెట్ల సంగతి చెప్పం. కుర్రతనంలో ఆయన రెండుచోట్లకు దరఖాస్తు పెట్టారు. ఒకటి వైమానిక దళానికి, రెండోది రక్షణ శాఖలోని సాంకేతిక విభాగానికి. వైమానిక దళం ఎంపికలో ఇరవై అయిదుగురిలో తొమ్మిదోవాడుగా వచ్చారు. తీసుకున్నది ఎనిమిది మందిని. ఒక్క మెట్టులో పోయింది! కాని రెండో కాయితం కూడా నింపి ఉంచారు కాబట్టి 1958లో రెండో ఉద్యోగంలో చేరారు. మనం చాలామందిమి మొదటి కాయితమే నింపం, ఇంక రెండోదెక్కడ?

ఇక ఉద్యోగాల సంగతి పక్కన పెట్టి మన పనివాళ్ళ దగ్గరకొద్దాం. మనలో సగం మందికి కుర్చీ ఉద్యోగాలు లేవు. చేతిపని ఉంది. ఆ పనిలోనూ ఎదుగుదల ఉంటుంది, ఆగిపోవడమూ ఉంటుంది.

మన సంఘం సభ్యులే ఒకరున్నారు, లారీ మెకానిక్కు. పేరు చెప్పొద్దన్నారు, సంగతి చెప్పుకోమన్నారు. ముందు వరుసలో కూర్చుని నవ్వుతున్నారు, మేము అటు చూడం. ఆయన పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకుని వింటారు. "నాలుగో ఇంజెక్టరు" అంటారు. విప్పి చూస్తే నాలుగోదే. పాతికేళ్ళు ఆయన మాటకు తిరుగు లేదు. తర్వాత బళ్ళు మారాయి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4 వాహనాలు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాయి. ఇంజను నిండా సెన్సార్లు, దానికో కంప్యూటరు పెట్టె. బండి ఆగితే స్కానరు తగిలించి అందులో వచ్చే కోడ్ చదివితే గాని ఎక్కడ ఆగిందో తెలియదు. మన ఉస్తాదు గారు ఆ బళ్ళు షెడ్డులోకి రానివ్వలేదు. "అవి బళ్ళు కావు, టీవీలు" అని తిట్టి పంపేసేవారు. పాత బళ్ళు తగ్గుతున్నాయి, కొత్తవి రానివ్వరు. షెడ్డులో ఇద్దరు కుర్రాళ్ళుండేవాళ్ళు, ఒకడు మానేశాడు. ఇంకొకడికి జీతం ఇవ్వడానికి ఇంట్లో గాజులు బ్యాంకుకు వెళ్ళాయి.

ఆయనకు స్కానరు కొనే స్తోమత లేక కాదు. నేర్పించేవాడు పాతికేళ్ళ కుర్రాడు. నలభై ఎనిమిదేళ్ళ ఉస్తాదు, తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా ఇవాళ షెడ్లు పెట్టుకున్న మనిషి, పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని "ఇదేమిటి, అదేమిటి" అని అడగాలా? అదీ అడ్డు. మేము పరీక్షకు భయపడ్డట్టే ఆయన బెంచీకి భయపడ్డారు.

ఆయన దగ్గర కూర్చుని మేము ఒకరోజు షేక్ చినమౌలానా గారి సంగతి చెప్పాము. మీకూ చెప్పాలి. పెద్దవాళ్ళకు తెలుసు, పిల్లలకు తెలియదు. ఒంగోలు దగ్గర కరవది ఆయన ఊరు. 1924లో పుట్టారు. ఇంటి విద్యే నాదస్వరం. తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో ఆదంసాహెబు గారి దగ్గర నేర్చుకున్నారు. మన ఆంధ్ర పద్ధతిలో చక్కని విద్వాంసుడు. ఇక్కడే ఉంటే పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ పిలుపులకు లోటుండదు, పేరుకు లోటుండదు. కాని తంజావూరు బాణీ మీద, టి.ఎన్. రాజరత్నం పిళ్ళై గారి వాయిద్యం మీద ఆయన మనసు పడింది. ఏం చేశారు? నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకన్ను గార్లను ఆశ్రయించి ఏళ్ళ తరబడి శిష్యరికం చేశారు. వచ్చిన విద్యను పక్కన పెట్టి మళ్ళీ శిష్యుడై కూర్చోవడమంటే మాటలు కాదు. ఊరు వేరు, భాష వేరు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆ మరుసటి ఏడే కన్నుమూశారు. కరవదిలోనే ఆగిపోతే ఆయన తక్కువవాడేమీ కాదు. కాని ఆ బాణీ మన తెలుగువాడి చేతికొచ్చేది కాదు.

విన్న ఉస్తాదు గారు ఏమీ అనలేదు. బీడీ కాల్చుకున్నారు. రెండు నెలల తర్వాత కనబడి "వెళ్ళొచ్చాను" అన్నారు. ఇప్పుడు షెడ్డులో స్కానరు ఉంది. తెరమీద ఇంగ్లీషు మేనల్లుడు చదువుతాడు, కారణం ఉస్తాదు గారు చెబుతారు. కోడ్ ఒకటి చూపిస్తుంది, అసలు జబ్బు ఇంకోచోట ఉంటుందట. అది పసిగట్టడానికి ఆ పాత చెవే కావాలట. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. వచ్చే రంజానుకు విడిపిస్తామంటున్నారు.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. ఇది చెబితే కొందరికి మంట పుడుతుంది. నోరు తెరవకపోవడం. ఇంట్లో మనం ఒక భాష మాట్లాడతాం, బడిలో ఇంకోటి, ఇంటర్వ్యూలో మూడోది. చిన్నప్పుడు మన తెలుగు విని ఎవరో "సాయిబుల తెలుగు" అని నవ్వుతారు. ఆ నవ్వు చెవిలో పడ్డ పిల్లవాడు ముప్పై ఏళ్ళొచ్చినా మీటింగులో వెనక కుర్చీలోనే కూర్చుంటాడు. పని వాడు చేస్తాడు, చెప్పేది పక్కవాడు. పేరు చెప్పినవాడికి వస్తుంది. మేమూ అంతే చేశాము. మేము తయారు చేసిన స్టేటుమెంట్లు మా ముందే ఇంకొకరు చదివి మెప్పు పొందారు. వాళ్ళను తప్పుపట్టి లాభమేమిటి, చదవమని మాకే ముందు ఇస్తే "మీరు చదవండి సార్" అన్నది మేమే.

మనకు పక్కనే పిఠాపురం. అక్కడ 1885లో పుట్టిన ఉమర్ అలీషా గారు తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు. కేంద్ర శాసనసభలో సభ్యులుగా కూడా ఉన్నారు. సామర్లకోటలో బండి ఎక్కితే కాసేపట్లో వచ్చే ఊరు. ఆయన తెలుగు విని నవ్విన వాడెవడు? అందరం కవులం కానక్కర్లేదు. నాలుగు వాక్యాలు తడబడకుండా నిలబడి చెప్పడం వస్తే చాలు. అది ఇంట్లోనే నేర్పొచ్చు. రాత్రి అన్నాల దగ్గర పిల్లవాడిని రోజూ ఒక సంగతి నిలబడి చెప్పమనండి. తప్పు మాట్లాడితే నవ్వకండి. బయటివాళ్ళ కంటే ముందు నవ్వేది మనమే.

ఆడవాళ్ళ వైపు నుంచి ఇంతవరకూ చప్పుడు లేదు. వాళ్ళ గురించి మేము ఏం చెబుతామా అని చూస్తున్నారు. మా పెద్దమ్మాయి కాకినాడలో డిప్లమా చదివింది. 2006లో హైదరాబాదు నుంచి ఒక కంపెనీ ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం చూసి మేము "ఆడపిల్లవు, ఒక్కదానివి హైదరాబాదులో ఎలా ఉంటావమ్మా, ఇక్కడే ఏదైనా చూద్దాం" అన్నాము. అమలాపురానికి మేము ఏ సాకు చెప్పామో అదే సాకు బిడ్డ నెత్తిన పెట్టాము. ఆమె వాదించలేదు. ఉత్తరం మడిచి బీరువాలో పెట్టుకుంది. ఇక్కడ ఏదీ దొరకలేదు. ఇప్పుడు ఇంటి అరుగు మీద వీధి పిల్లలకు లెక్కలు చెబుతుంది. బాగా చెబుతుంది కూడా. తనతో చదివిన అమ్మాయి ఆ ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఇప్పుడు ఆమె కింద పదిమంది పని చేస్తున్నారు.

ఈ ప్రసంగం రాసుకుంటుంటే మా అమ్మాయి వెనక నిలబడి చదివింది. అమలాపురం దాకా చదివి, "అబ్బా, నా ఉత్తరం సంగతి కూడా చెప్పండి" అంది. కోపంగా అనలేదు. అందుకే చెబుతున్నాము.

సరే, చేయాల్సిన పని ఒకటుంది. కిందటి సంవత్సరం నుంచి ఆదివారాలు అసర్ నమాజు తర్వాత మన సంఘం గదిలో ఒక బల్ల వేస్తున్నాం. ఉద్యోగ ప్రకటనలు చదివి చెప్పడం, దరఖాస్తు నింపిపెట్టడం. మా అమ్మాయి కూర్చుంటుంది, పక్కన మేము. ఇప్పటిదాకా మాకు తెలిసిందేమిటంటే, మన దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది తెలివి దగ్గర కాదు, పేరు దగ్గర. "షేక్" అనే ఇంటిపేరు ఇంగ్లీషులో పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉంటుంది. ఒకచోట ముందు, ఒకచోట వెనక. చివరి తేదీ రేపనగా ఇది బయటపడుతుంది. ఇంక "నసీబు లేదు" అని కాయితం మడిచేస్తారు. నసీబును అనకండి బాబూ, మూడు కాయితాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఈ రాత్రే చూసుకోండి. 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కిందికి వచ్చే కుటుంబాలకు చదువుల్లో, ఉద్యోగాల్లో 4 శాతం వాటా పెట్టారు. అది కోర్టు కెక్కినా 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. ఆ సర్టిఫికెట్టు కూడా ప్రకటన వచ్చాక పరుగెత్తి తెచ్చేది కాదు, ముందే తెచ్చి పెట్టుకునేది.

పోయిన నెల మన వీధి అమ్మాయి ఒకతె, బీకాం చదివింది, వాళ్ళ నాన్నను తీసుకుని బల్ల దగ్గరకొచ్చింది. ఆయన ముందు అడిగింది పరీక్ష గురించి కాదు. "చాచా, నెగ్గితే పోస్టింగు ఎక్కడ పడుతుందో" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. మా అమ్మాయే అందుకుంది. "మామూ, పోస్టింగు సంగతి నెగ్గాక చూద్దాం, ముందు ఫోటో తెచ్చారా?" అంది. తెచ్చారు. దరఖాస్తు నింపింది మేము కాదు, ఆ పిల్ల చేతనే నింపించాము. పరీక్ష కేంద్రం విశాఖపట్నం వచ్చింది. తండ్రికి ఆ రోజు షాపు మూయడం కుదరదట, పంపడమా మానడమా అని రెండు రోజులు ఊగాడు. చివరికి మా అమ్మాయి తోడు వెళ్తానంది. తనూ ఈసారి వేరే దానికి దరఖాస్తు పెట్టింది, వయసు ఇంకా మించలేదట, మాతో చెప్పలేదు, నిన్న బయటపడింది. తన కేంద్రమూ విశాఖే.

నిన్న సాయంత్రం స్టేషనుకు వెళ్ళి టికెట్లు తీసుకొచ్చాము. ఇద్దరికీ, సామాను మోయడానికి మాకొకటి. ఇక సెలవు.